క్లినిక్ వేళ సాయంత్రం 5 నుంచి 8:30, పాప ఏడుపు వేళా అదే. ఏం చెయ్యను?

ఎంవీపీ ఫిజియో:

గిరి ప్రదక్షిణ అయిన మర్నాటి నుంచి నా ఫోను ఆగలేదు. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచినవాళ్ల మోకాళ్లు, మడమలు, నడుములు. ఏటా ఆషాఢ పౌర్ణమి దాటిన వారం మాకు పెద్ద సీజన్. అప్పుఘర్ మీదుగా జనం పోతుంటే మజ్జిగ పంచుతూ, వీళ్లలో ఎంతమంది సోమవారం నా దగ్గరికొస్తారో అని లోపల లెక్కలు వేసుకునేదాన్ని (పాపమే, కానీ నిజం). ఈసారి వచ్చిన ఫోన్లలో సగానికి పైగా "సాయంత్రం చూడట్లేదండీ" అని పెట్టేశాను.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆరేళ్లు ఆసుపత్రిలో చేసి, నాలుగేళ్ల కిందట విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి కింది పోర్షన్ అద్దెకి తీసుకుని సొంత క్లినిక్ పెట్టాను. హాలు, ఒక గది, వెనక చిన్న వంటగది. రెండు మంచాలు, ఐఎఫ్‌టీ (నొప్పికి ప్యాడ్లతో కరెంటు పెట్టేది), అల్ట్రాసౌండ్ (స్కానింగ్‌ది కాదు, నొప్పికి వాడేది), షార్ట్‌వేవ్ (తరంగాలతో లోపలికి వేడి పంపేది), ట్రాక్షన్, వ్యాక్స్ బాత్, గోడకి షోల్డర్ వీల్. మెషిన్లకి ముద్ర లోను నాలుగున్నర లక్షలు తీసుకున్నాను, ఇంకా 14 వాయిదాలున్నాయి. పాపకి ఇప్పుడు పదకొండో నెల.

కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి షార్ట్‌వేవ్ ఆన్ చెయ్యలేదు. ఆ తరంగాల దగ్గర గర్భిణులు ఉండకూడదని చదువుకున్నదే. కవరు కప్పి మూలకి నెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. కాన్పుకి నాలుగు నెలలు క్లినిక్ మూశాను. అద్దె ఆగలేదు, వాయిదా ఆగలేదు. నాతో చదివిన అమ్మాయి ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది కాబట్టి 2017లో మారిన చట్టం ప్రకారం 26 వారాలు జీతంతో సెలవు తీసుకుంది. అది పదిమందీ అంతకు పైనా పనిచేసే చోట్లకి. నా క్లినిక్‌లో ఉన్నది నేనూ, రిసెప్షన్ చూసే అమ్మాయీ. జీతమిచ్చేదీ నేనే, సెలవు అడగాల్సిందీ నన్నే.

లెక్క చెప్తాను, లేకపోతే "ఏముంది, పొద్దున పూట చాలు కదా" అంటారు. పాప పుట్టకముందు, రోజుకి 11 మంది, మనిషికి 350. నెలకి లక్ష వచ్చేది. అద్దె 14,000, వాయిదా 9,700, రిసెప్షన్ అమ్మాయికి 12,000, కరెంటు 3,500. అరవై వేలు మిగిలేది. ఇప్పుడు పొద్దున పూట ఐదుగురే వస్తున్నారు. నెలకి 45,500. ఖర్చులు పోగా 6,300. పాపని చూసే ఆయమ్మకి 9,000. అంటే క్లినిక్ తెరిచి ఉంచడానికి నేనే ఎదురు కడుతున్నాను.

సాయంత్రం తెరవలేకపోవడానికి కారణం ఎవరూ చెడ్డవాళ్లు కాకపోవడమే. ఆయమ్మ ఆరిలోవ నుంచి వస్తుంది, బంగారం లాంటి మనిషి. "నాను సూసుకుంతాను గదమ్మా, నువ్వెల్లు" అంటుంది. కానీ ఐదైతే వెళ్లిపోవాల్సిందే, ఆవిడ మనవరాలు బడి నుంచి వచ్చేస్తుంది. మా ఆయనకి ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. 'ఏ' షిఫ్టు వారం సాయంత్రానికి ఇంట్లో ఉంటారు, 'బీ' షిఫ్టు వారం రాత్రి పదకొండుకి వస్తారు. అత్తయ్యది పాలకొండ. వచ్చి పది రోజులుంటే పదకొండో రోజు "మీ మావకి కూడెవులొండుతారమ్మా" అంటుంది. నిజమే కదా.

పాపని క్లినిక్‌కే తెచ్చాను, ఒక్క వారం. వ్యాక్స్ బాత్‌లో మైనం 52 డిగ్రీలుంటుంది, హాట్ ప్యాకుల డబ్బా ఇంకా మంట. వాటికి అడ్డంగా కుర్చీలు పెట్టాను. పాప వాటి జోలికి పోలేదు. మంచం పక్కన వేలాడుతున్న ఐఎఫ్‌టీ వైరు పట్టుకుని లాగింది. ప్యాడ్ సగం ఊడి, ఉన్న కరెంటంతా ఒక అంచున గుచ్చేసరికి పెద్దాయన "అమ్మోయ్" అని లేచి కూర్చున్నారు. ఆయన నవ్వేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయిన నెల కొత్తగా చదువు పూర్తి చేసిన ఒక అబ్బాయిని సాయంత్రాలకి పెట్టుకున్నాను. పని బాగా వచ్చు. కానీ మన వాళ్లకి హస్తవాసి ఒకటుంది చూడండి. "మేడమ్ లేరా? అయితే రేపొస్తాంలే" అని వెనక్కి పోయేవారు. నెల తిరిగేసరికి జీతం ఇచ్చి పంపేశాను.

మొన్నటి మాట ఒకటి. మోకాలు మార్పించుకుని మూడో వారంలో ఉన్న ఒక రిటైర్డ్ టీచరు గారిని మంచం అంచున కూర్చోబెట్టి కాలు వంచుతున్నాను. ఆవిడ పళ్లు బిగించి దుప్పటి పట్టుకుంది. "ఇంకొంచెం అమ్మా, 85 డిగ్రీలు దాటింది, ఇంకొంచెం" అంటున్నాను. హాల్లో ఎవరి బిడ్డో కేర్‌మంది. మా పాప కాదు. అయినా పాలు దిగి నా యూనిఫాం ముందంతా తడిసిపోయింది. రెండు చేతులూ ఆవిడ కాలి మీదున్నాయి. ఆవిడ చూసింది. కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, "వెళ్లమ్మా, నా మోకాలు ఎక్కడికీ పారిపోదు" అంది. వెనక వంటగదిలోకి వెళ్లి పంపుతో పాలు తీస్తూ ఏడ్చాను, దేనికో కూడా తెలీదు. (తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలుంటాయంటారు. మన ఉక్కపోతలో 25 డిగ్రీలు ఎక్కడిది? తీసిన మరుక్షణం ఫ్రిజ్‌లో పెట్టేస్తాను.)

ఒక ఆసుపత్రి వాళ్లు 28,000కి తొమ్మిది నుంచి ఐదు రమ్మంటున్నారు. పోనా? క్లినిక్ నడుపుతూ పిల్లల్ని పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక పళ్ల డాక్టరు:

నా కొడుకు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వాడు పుట్టినప్పుడు నేనూ ఇదే లెక్క వేసుకున్నాను, ఇదే తప్పు చేశాను: క్లినిక్ కింద, ఇల్లు పైన తీసుకున్నాను. అందరూ తెలివైన పని అన్నారు. రెండు నెలల్లో తెలిసింది, అన్నం ముద్ద నోట్లో ఉండగా బెల్లు కొడతారని. "పైనే ఉన్నారు కదా డాక్టర్ గారూ, ఒక్క నిమిషం" అని. పైనుంటే వాడికి నేను దగ్గరున్నట్టు, వాళ్లకీ దగ్గరున్నట్టు. చివరికి ఎవరి దగ్గరా లేను. నీకెవరైనా ఆ సలహా ఇస్తే ఒప్పుకోకమ్మా.

జూనియర్ విషయం. నెల జీతం మీద పెట్టుకోకు. అతను చూసిన పేషెంటు ఫీజులో సగం అతనికి, సగం నీకు. పేషెంట్లు రాకపోతే నీ జేబులోంచి పోయేది ఉండదు. ఇంకో మాట, హస్తవాసి దానంతట అది బదిలీ కాదు. మొదటి రోజు నువ్వే చూసి, అతన్ని పక్కన నిలబెట్టుకుని, "రేపటి నుంచి ఇతను చేస్తాడు, నేను చెప్పినట్టే చేస్తాడు" అని పేషెంటు ముందే అనాలి. నువ్వు లేని చోట కొత్త కుర్రాడు కనిపిస్తే ఎవరు మాత్రం ఆగుతారు?

ఉద్యోగం సంగతి నేను చెప్పను. తొమ్మిది నుంచి ఐదు అని కాగితం మీద రాస్తారు, అంతవరకే చెప్తాను.

తూర్పుగాలి:

పిల్లకి మూడేళ్లొచ్చేదాకా మూసేస్తే కొంపేం మునుగుతుంది? డబ్బు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు, పిల్ల బాల్యం మళ్లీ రాదు కదా.

ఎంవీపీ ఫిజియో:

నా 14 వాయిదాలూ మీ చిరునామాకి పంపిస్తాను, మూడేళ్లు కట్టండి. తర్వాత ఇద్దరం బాల్యం గురించి మాట్లాడుకుందాం.

(సారీ అండీ. రాత్రి మూడుసార్లు లేచాను.)

కళింగ ఫిజియో:

మేడమ్, నాది శ్రీకాకుళంలో క్లినిక్, పన్నెండేళ్లయింది. కొంచెం కటువుగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ 11 మందిలో ఎంతమంది రోజూ రావాల్సినవాళ్లు?

మనందరికీ అలవాటైపోయింది, "పది సిట్టింగులు, రోజూ రండి" అనడం. మోకాలి అరుగుదలతో వచ్చినాయన్ని పదిరోజులు రమ్మంటాం. 15 నిమిషాలు ఐఎఫ్‌టీ, ఏడు నిమిషాలు అల్ట్రాసౌండ్, చివర్లో ఐదు నిమిషాలు వ్యాయామం. అసలు పని చేసేది ఆ ఐదు నిమిషాలే అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. బ్రిటన్ వాళ్ల ఆరోగ్య సంస్థ నైస్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదలకి ఐఎఫ్‌టీ, టెన్స్ (అదీ కరెంటు పెట్టేదే), అల్ట్రాసౌండ్ ఇవ్వొద్దనే రాశారు. వ్యాయామం, బరువు తగ్గడం ముందు. మనం రోజూ రమ్మంటున్నది మోకాలి కోసమా, అద్దె కోసమా?

నేను మారడానికి కారణం పిల్లలు కాదులెండి, నా నడుమే. వంగి వంగి డిస్కు జారింది, ఫిజియోకే ఫిజియో కావాల్సొచ్చింది. అప్పట్నుంచి పాత నొప్పులవాళ్లకి వారానికి రెండుసార్లే. ఒక్కొక్కరికి ముప్పావు గంట, ఫీజు 500. మెషిను పెట్టి పక్క గదిలోకి పోవడం లేదు, పక్కనే నిలబడి చేయిస్తాను. ఇంట్లో ఏం చెయ్యాలో వాళ్ల ఫోన్లోనే, వాళ్ల చేతే చేయిస్తూ వీడియో తీసిస్తాను. మొదటి రెండు నెలలు ఆదాయం పడిపోయింది. అబద్ధం చెప్పను. మా దగ్గర జనం "ఈయన కరెంటు పెట్టడండీ" అని వేరే చోటికి పోయారు కూడా. కరెంటు పెట్టించుకుంటేనే వైద్యం జరిగినట్టు వాళ్ల లెక్క, ఆ లెక్క నేర్పింది మళ్లీ మనమే.

రోజుకి ఆరు సాయంత్రపు పేషెంట్లు వారానికి 36 రాకలు. వాటిలో ఎన్ని అక్కర్లేనివో ఒకసారి రిజిస్టరు ముందేసుకుని చూడండి.

పెద్దవాల్తేరు కోడలు:

నేను డాక్టర్ని కాదు, పేషెంటు తరఫు మనిషిని. మా మామగారికి రెండేళ్ల కిందట పక్షవాతం, కుడి వైపు. మాకు ఫిజియో చేసినావిడకీ చంటిపిల్లాడు ఉండేవాడు.

పైన సార్ చెప్పినదంతా బాగుంది గానీ పక్షవాతం వాళ్లని మాత్రం ఆ వారానికి రెండుసార్ల లెక్కలో కలపకండి మేడమ్. మొదటి మూడు నెలలే కీలకం అని కేజీహెచ్ పెద్దాసుపత్రిలో చెప్పారు, మేం కళ్లతో చూశాం. ఆ రోజుల్లో వేలు కదిలితే ఇంట్లో పండగ. వీడియోలు మాకూ ఇచ్చారు. మామగారు నేను చెప్తే చెయ్యరు, అత్తయ్య చెప్తే అసలు చెయ్యరు. ఆవిడ వస్తే మాత్రం చొక్కా మార్చుకుని కూర్చునేవారు.

మాకు కోపం వచ్చింది ఒక్కసారే. పిల్లాడికి జ్వరమని నాలుగు రోజులు రాలేదు, ఫోను ఎత్తలేదు. రాకపోతే రాకపోయారు, పిల్లలున్న ఇల్లు మాది మాత్రం కాదా? కానీ రోజూ పది గంటలకి ఆయన్ని తయారుచేసి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. పన్నెండు దాకా గేటు వైపే చూసేవారు. "ఈ వారం రాను" అని ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది. టైము తగ్గించుకోండి, రోజులు తగ్గించుకోండి, ఉన్న టైము గట్టిగా చెప్పండి. మేం సర్దుకుంటాం.

ఎంవీపీ ఫిజియో:

కళింగ సార్, మీ మాటకి ముందు కోపం వచ్చింది. రాత్రి పాపని ఒళ్లో వేసుకుని రిజిస్టరు తీశాను. మూయకముందు చివరి నెలలో సాయంత్రం వచ్చినవాళ్లు 17 మంది. పక్షవాతం ఇద్దరు, ఆపరేషన్ అయినవాళ్లు ముగ్గురు. మిగతా 12 మంది మెడ, నడుము, మోకాలు, బిగిసిన భుజం. ఆ 12 మందిలో ఏడుగురు రిటైరైనవాళ్లు! ఆఫీసు లేదు, స్కూలు లేదు. మరి సాయంత్రమే ఎందుకొచ్చేవాళ్లో నేనెప్పుడూ అడగలేదు.

పెద్దవాల్తేరు కోడలు గారూ, ఆ గేటు మాట గుచ్చుకుంది. నేనూ ఫోను ఎత్తని రోజులున్నాయి.

ఎంవీపీ ఫిజియో (ఐదు వారాల తర్వాత):

ఇద్దరు ముగ్గురు ఏమైందని అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆసుపత్రికి రానని చెప్పేశాను. పోయిన నెల మొదటి తారీఖు నుంచి మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 తెరుస్తున్నాను. పాప అప్పుడే పడుకుంటుంది, ఆయమ్మ ఉంటుంది. వైజాగ్‌లో మధ్యాహ్నం క్లినిక్ తెరిచినవాళ్లని నేనైతే చూడలేదు. రిటైరైన ఏడుగురికీ ఫోన్ చేశాను. ఒకాయన "మధ్యాహ్నం కునుకు పోతుంది మేడమ్" అని చాలా బాధపడ్డారు. ఇంకో ఇద్దరు మా ఏసీ చూసి ఒప్పుకున్నారని నా అనుమానం. మొత్తం నలుగురు వస్తున్నారు, వారానికి రెండుసార్లు, 500. ఇద్దరు రోజూ కరెంటు పెట్టే చోటు వెతుక్కుని వెళ్లిపోయారు. కునుకాయన మాత్రం పది సిట్టింగులకీ డబ్బు ముందే కట్టేస్తాను, సాయంత్రం చూడమని ఇప్పటికీ బేరమాడుతున్నారు.

సాయంత్రం మంగళ, గురు, శనివారాలు మాత్రమే, 5:30 నుంచి 7:30. ఆఫీసులవాళ్లకీ, ఆపరేషన్ అయినవాళ్లకీ. పక్షవాతం వాళ్లిద్దరికీ పొద్దున్నే ఇళ్లకే వెళ్తున్నాను, ఆదివారం తప్ప రోజూ.

ఆ మూడు సాయంత్రాలు పాప ఎక్కడుంటుందంటే, క్లినిక్ పైన ఓనరు ఆంటీ దగ్గర. ఈవిడ నాలుగేళ్ల నుంచీ పైనే ఉంది. ఆరు రోజులు చూడమని అడగడానికి నాకు నోరు రాలేదు. మూడు రోజులు, రెండేసి గంటలు అంటే అడగగలిగాను. ఆవిడ భుజం బిగిసి ఏడాదవుతోంది, జడ వేసుకోలేదు, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా చూసి కూడా పేషెంటుగా రాలేదు కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆవిడ భుజానికి నేను డబ్బులు తీసుకోను, పాపకి ఆవిడ తీసుకోదు. ఆరున్నరకి పది నిమిషాలు పైకెళ్లి పాలిచ్చి వస్తాను. ఆ పది నిమిషాలు బోర్డు మీద కూడా రాయించాను. పెయింటరు నన్ను రెండుసార్లు చూసి మరీ రాశాడు.

డబ్బు సంగతి. మొదటి నెల 61,000 వచ్చింది. ఆయమ్మతో కలిపి ఖర్చులు 48,200. మిగిలింది 12,800. ఉద్యోగానికి వెళ్తే వచ్చేదాంట్లో సగం కూడా లేదు. మా అమ్మ ఫోన్లో ఇదే మాట మూడుసార్లు అంది. వాయిదాలు అయ్యాక ఆ 9,700 కూడా మిగులుతుందని చెప్పాను, "అప్పటికి చూద్దాంలే" అంది. పళ్ల డాక్టర్ మేడమ్, మీరన్నట్టు ఆ అబ్బాయినే మళ్లీ పిలిచాను, సగం సగం లెక్కన, శనివారాలు. మొదటి శనివారం ఎవరూ వెనక్కి పోలేదు. రెండో శనివారం ఒకరు పోయారు.

అన్నట్టు, మూలనున్న ఆ షార్ట్‌వేవ్ మెషిను అమ్మేద్దామనుకుంటున్నాను. ఇరవై నెలలుగా ఆన్ చెయ్యలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ చోటు ఖాళీ అయితే చాప వేసి బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించొచ్చు. ఇక్కడ కొనేవాళ్లెవరైనా ఉన్నారా? కళింగ సార్, మీకేమైనా కావాలా?

కళింగ ఫిజియో:

నన్నడక్కండి మేడమ్. నాదీ మూలనే ఉంది. దాని మీద మా రిసెప్షన్ అమ్మాయి టిఫిన్ బాక్సు పెట్టుకుంటోంది.